అక్కకి రాని దురద

ఫిబ్రవరి 6

అక్కకి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం అని మొదలుపెట్టి, ఆ వెనకే బాగోలేనివన్నీ ఏకరువు పెట్టడం మన ఇంటి పద్ధతి. కాబట్టి, ఇక్కడ అందరం బాగున్నాం.

నా రెండు మణికట్ల మీదా ఏవో లేచాయి. మామూలు దద్దుర్లలా ఉబ్బినట్టు లేవు. పైన చదునుగా, వంకాయ రంగులో, వెలుతురులో పెడితే నిగనిగలాడుతున్నాయి. చూడడానికి బాగానే ఉన్నాయి కానీ దురద మాత్రం ప్రాణం తోడేస్తోంది. మొన్న సంగీత పాఠశాలలో పాఠం చెబుతూ, క్లారినెట్ నోట్లో ఉండగానే మణికట్టుని బల్ల అంచుకేసి రుద్దేసుకున్నాను. స్వరం కీచుమని ఎటో పోయింది. నా దగ్గర కొత్తగా చేరిన రిటైరైన పోస్టుమాస్టరుగారు శ్రద్ధగా విని, "ఇది కూడా వాయించాలాండీ?" అని అడిగారు.

దురదైతే ఓర్చుకుంటాను. నోరు మండుతోందక్కా. కారం తగిలితే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మౌత్‌పీస్ పెదవికి ఆనించి కాసేపు ఊదేసరికి బుగ్గల లోపల ఎవరో గీరినట్టు ఉంటోంది. పెళ్లిళ్లకి వెళ్లే మన బ్యాండువాళ్లు నా బదులు ఇంకొకణ్ణి చూసుకుంటారేమోనని లోపల గుబులుగా ఉంది. ఈ మాట నీ మరదలికి ఇంకా చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఫోనులో అయితే నువ్వు నన్ను నోరెత్తనివ్వవు. అందుకే ఈ ఉత్తరం.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 14

ఒరేయ్ చంటోడా,

ఆశీస్సులు. నీ జబ్బు నాకు చదవగానే తెలిసిపోయింది. సబ్బు.

ఇన్నేళ్లుగా హోటల్ లాండ్రీలో చేస్తున్నాను, నాకు తెలియని దురదా? చొక్కా చేతుల పట్టీలు ఎక్కడ తగులుతాయి? మణికట్టుకి. అక్కడే ఎందుకు లేచాయి? మీ ఇంట్లో బట్టలు సరిగ్గా జాడించరు కనక. నేను మరదల్ని ఒక్క మాట కూడా అనడం లేదు, ఒట్టు. మూడు నీళ్లలో జాడించమని మాత్రం చెప్పు. గంజి మానెయ్యమను.

మరి నోట్లో మంట ఎందుకంటావేమో. చొక్కా అంచు కొరుక్కునే అలవాటు నీకు చిన్నప్పటినుంచీ ఉంది.

ఇక్కడ కొత్త మేనేజరొచ్చాడు. దిండు గలేబుల మీద ఒక్క ముడత కనబడినా ఫొటో తీసి నాకే పంపుతాడు. దుప్పట్ల మూట మోసుకుంటూ మేడెక్కేసరికి ఈమధ్య ఆయాసం వస్తోంది. వయసు మీద పడుతోంది, ఏం చేస్తాం. మీ బావ కులాసా.

అక్క

మార్చి 9

అక్కా,

నీ ఉత్తరం నీ మరదలు చదివింది. "మీ అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదుగా, చాలా సంతోషం" అని, మూడు నీళ్లేం ఖర్మ, ఆరు నీళ్లలో జాడించి నా చొక్కాలన్నీ తీగ మీద ఆరేసింది. దురద మాత్రం ఎక్కడికీ పోలేదు.

పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన చిన్న అద్దం లోపల పెట్టి చూసి, "మీ బుగ్గల్లో లేసు అల్లినట్టు తెల్లటి గీతలున్నాయి, మణికట్లు చూపించండి" అన్నాడు. నోరు చూసినవాడు చేతులెందుకు అడిగాడో నాకు అర్థం కాలేదు. చూపించాక, రెండూ ఒకే జబ్బు అయ్యుంటాయి, చర్మం డాక్టరుకి చూపించమన్నాడు.

ఆ చర్మం డాక్టరమ్మ నా మణికట్టు మీద పిసరంత కోసి పరీక్షకి పంపింది. జబ్బు పేరు లైకెన్ ప్లానస్. అంటువ్యాధి కాదు, ప్రాణానికి భయమూ లేదు, కానీ ఏళ్ల తరబడి సతాయిస్తుందట. పూతమందు ఇచ్చింది, నోట్లో రాసుకోవడానికి వేరే జెల్ ఇచ్చింది. పనిలో పనిగా రక్తం కూడా చూద్దామంది. చూస్తే కాలేయం అంకెలు ఉండాల్సిన దానికంటే ఎక్కువున్నాయి. ఇంకో పరీక్ష చేయిస్తున్నారు. నువ్వేం కంగారు పడకు.

తమ్ముడు

మార్చి 16

ఒరేయ్,

ఈసారి చంటోడా అని పిలవను. చంటోళ్లకి కాలేయం పాడవదు.

నాకు ముందే అనుమానం. పెళ్లిళ్ల బ్యాండు అంటే వాయించడం అయ్యాక ఊరికే ఇంటికెళ్తారా? గ్లాసులు అందిస్తారు. ఒకరు అందిస్తే రెండోవాడు వద్దనడు. ఎన్నాళ్లనుంచి నడుస్తోంది ఈ భాగోతం? అమ్మ ఉంటే ఏమయ్యేదో తెలుసా? వైన్ వాసన వచ్చిందని పెదనాన్నని భోజనాల బల్ల దగ్గరనుంచి లేపేసిన మనిషి ఆవిడ.

పైగా "నువ్వేం కంగారు పడకు" అని ఒక ముక్క. తప్పు చేసినవాళ్లే ఆ మాట రాస్తారు. మీ బావని దగ్గర కూర్చోబెట్టుకుని చదివిపెడితే, "వాడలాంటివాడు కాదే" అన్నాడు. ఆయనకి లోకంలో ఎవ్వరూ అలాంటివాళ్లు కారు.

వెంటనే మానెయ్. మానేశానని ఉత్తరం రాయి. మరదల్ని కింద సంతకం పెట్టమను.

అక్క

మార్చి 30

ఉతికి ఆరేసిన అక్కకి,

నువ్వు నిజంగానే లాండ్రీలో ఉండాల్సినదానివి.

ఆ ఉత్తరం కూడా నీ మరదలి చేతికే వెళ్లింది. అప్పటినుంచీ నేను గుమ్మంలోకి అడుగుపెట్టగానే ఎదురొచ్చి "ఏదీ, ఊదండి" అంటోంది. జీవితమంతా ఊది బతికినవాణ్ణి, ఇంటిదగ్గర కూడా ఊదాల్సి వస్తుందనుకోలేదు. నేను తాగనని నీకూ తెలుసు. కింద తను సంతకం పెట్టనంది. "మీ అక్కకి నా మాట మీద నమ్మకం ఉంటే నేనుతికిన చొక్కాల మీద కూడా ఉండేది" అంది. మీ ఇద్దరి మధ్యా నేను దూరను.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న నువ్వు భయపడతావని సగమే రాశాను, దాంతోనే ఈ గొడవంతా వచ్చింది. ఈసారి మొత్తం రాస్తున్నాను. నాకు హెపటైటిస్ సి అనే వైరస్ ఉంది. కాలేయంలో చేరి చప్పుడు చెయ్యకుండా ఏళ్లకేళ్లు ఉంటుందట. నాకొచ్చిన ఈ చర్మం జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి ఆ వైరస్ కూడా కనబడుతుంది, అందరికీ కాదు. అందుకే డాక్టరమ్మ ముందు జాగ్రత్తగా చూసింది. చూడబట్టి దొరికింది.

ఇప్పుడు దీనికి మాత్రలున్నాయట, సుమారు మూడు నెలలు మింగితే దాదాపు అందరికీ పోతుందట. కలిసి తింటే అంటదు, ముట్టుకుంటే అంటదు. రక్తంలోంచి రక్తంలోకే వెళ్తుంది. నీ మరదలికి చూశారు, ఏమీ లేదు. గడ్డం గీసుకునే బ్లేడూ పళ్లు తోముకునే బ్రష్షూ మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలన్నారు.

ఎలా వచ్చిందో తెలియడం లేదు. "ఎప్పుడైనా రక్తం ఎక్కించారా?" అని కాలేయం డాక్టరు అడిగితే లేదన్నాను. అంతేగా?

తమ్ముడు

ఏప్రిల్ 6

చంటోడా,

ముందు లెంపలేసుకుంటున్నాను. వేసుకున్నాను. మరదలికి కూడా చెప్పు. దాని జాడింపు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

రెండోది, డాక్టరుకి తప్పు చెప్పావు. నీకు రక్తం ఎక్కించారు. స్కూటరు కింద పడి తొడ విరిగినప్పుడు నీకు స్పృహెక్కడుంది? కొన్నాళ్లు ఎవర్నీ గుర్తుపట్టలేదు నువ్వు. ఆపరేషనుకి రెండు సీసాలు కావాలన్నారు. ఒకటి ఆసుపత్రివాళ్లే ఇచ్చారు. రెండోది ఎవరిదనుకున్నావు? నాది!

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదంటే అమ్మ ఒట్టు వేయించుకుంది. మా పాప అప్పటికి ఇంకా పాలు మానలేదు. చంటిపిల్ల తల్లి రక్తం ఇచ్చిందని తెలిస్తే మా అత్తగారు ఇల్లు పీకి పందిరేసేది. బట్టలు కొనుక్కొస్తానని చెప్పి ఆసుపత్రికి వచ్చాను. పడుకోబెట్టి చేతికి సూది గుచ్చారు. ఆ పక్క గదిలో నువ్వు. గోడకి చెవి పెట్టి వింటే ఏమైనా వినబడుతుందేమోనని చూశాను. నర్సు తిట్టింది. ఇచ్చి లేచాక కళ్లు తిరిగితే బిస్కెట్ ఇచ్చారు. ఒట్టి చేతులతో ఇంటికెళ్లి, రంగులు నచ్చలేదని అబద్ధం చెప్పాను.

పాప పుట్టినప్పుడు నాకూ ఎవరో మహానుభావుడి రక్తమే ఎక్కించారులే. ఆయన నాకిచ్చాడు, నేను నీకిచ్చాను. ఇప్పుడు అమ్మా లేదు, మా అత్తగారూ లేదు. ఒట్టు తీరిపోయినట్టే. కాబట్టి ఇకమీదట నాతో మాట్లాడేటప్పుడు కొంచెం వినయంగా మాట్లాడు.

నీలో ఉన్న
అక్క

ఏప్రిల్ 15

అక్కా,

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. నువ్వు గోడకి చెవి పెట్టిన చోటే మనసు ఆగిపోయింది.

ఆ సంగతి కాలేయం డాక్టరుకి చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టి, నీ గురించి చాలా అడిగాడు. వయసెంత, ఎలా ఉంటుంది, ఎక్కడుంటుంది అని. నీ రక్తం కావాలంటున్నాడక్కా. వీలైనంత త్వరగా అయితే మంచిదన్నాడు. నీకు ఎలా చెప్పాలో తెలియక ఇలా రాస్తున్నాను. ఏమీ అనుకోకు.

తమ్ముడు

ఏప్రిల్ 20

నా చంటోడా,

ఇందులో అనుకోవడానికేముందిరా పిచ్చోడా! ఎలా చెప్పాలో తెలియకపోవడం ఏమిటి? అప్పుడిచ్చినదాన్ని ఇప్పుడివ్వనా?

ఉత్తరం చదివి ఒక్క గంట ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని సంచీ సర్దుకున్నాను. లాండ్రీలో సెలవు చెప్పాను. "ఎన్నాళ్లు?" అని అడిగాడు మేనేజరు. "మా తమ్ముడికి ఎంత కావాలో అంత" అన్నాను. గలేబుల ఫొటో చూపించబోతే అటు తిరిగాను. మీ బావ బీట్‌రూట్లు తెచ్చి పడేశాడు. పొద్దునా సాయంత్రం అవే తింటున్నాను. దానిమ్మలు కూడా. నాలిక ఎర్రగా అయింది. మేడెక్కితే ఆయాసం వచ్చే మాట నిజమే, కానీ పడుకుని ఇచ్చేదానికి ఆయాసం ఏముంది?

ఎన్ని సీసాలు కావాలో రాయి. ధైర్యంగా ఉండు. నిన్ను ఒకసారి నిలబెట్టుకున్నాం.

అక్క

ఏప్రిల్ 25

అక్కా,

సంచీ విప్పెయ్. బీట్‌రూట్లు ఆపెయ్. తప్పంతా నాది. చెప్పాల్సిన మాట చుట్టూ తిరిగి, నిన్ను భయపెట్టాను.

నాకు నీ రక్తం ఎక్కించనక్కర్లేదు. నేను బాగానే ఉన్నాను. వచ్చే వారం మాత్రలు మొదలు. నీ రక్తాన్ని పరీక్ష చేయించుకోమంటున్నారు, అంతే. మనకి రక్తం ఎక్కించిన రోజుల్లో దాన్ని ఈ వైరస్ కోసం చూసే పరీక్షే ఇంకా రాలేదట. పాప పుట్టినప్పుడు నీకు ఎక్కించిన రక్తంలో అది ఉంటే నీలోకి వచ్చి ఉండచ్చు, నీలోంచి నాలోకీ వచ్చి ఉండచ్చు. లేదా నాకు ఆసుపత్రివాళ్లిచ్చిన సీసాలోంచే వచ్చిందేమో. ఎవరూ చెప్పలేరు. కానీ నీకు ఉందో లేదో తెలుసుకోవాలి. కొంచెం రక్తం తీస్తారు. అంతే.

తమ్ముడు

మే 12

తమ్ముడికి,

ఉత్తరం అందింది. నా మణికట్లు వెలుతురులో తిప్పితిప్పి చూసుకున్నాను. అద్దం ముందు నోరు తెరిచి చూసుకున్నాను. గీతలూ లేవు, మచ్చలూ లేవు. నాకు దురద లేదు. కాబట్టి జబ్బు కూడా లేదు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

అక్క

మే 18

అక్కా,

ఇంత చిన్న ఉత్తరం నువ్వు నాకు ఎప్పుడూ రాయలేదు. ఒక్క తిట్టు కూడా లేదు. అదే నా భయం.

దురద లేకపోతే వైరస్ లేనట్టు కాదు. వైరస్ ఉన్న చాలామందికి చర్మం మీద ఏమీ కనబడదని డాక్టరు చెప్పాడు. నాకు దురద పుట్టడమే నా అదృష్టం. అది లేకపోతే ఇంకో పదేళ్లు హాయిగా క్లారినెట్ ఊదుకుంటూ ఉండేవాణ్ణి, లోపల కాలేయం రాయిలా గట్టిపడిపోయేది. నీకు ఆ హెచ్చరిక కూడా లేదు. మేడెక్కితే ఆయాసమని నువ్వే రెండుసార్లు రాశావు. ఒకసారి వయసు మీదకి నెట్టేశావు, రెండోసారి కొట్టిపారేశావు.

"నేనే వాడికి అంటించానా" అని నీ మనసులో దొలుస్తోంది కదూ? నాకు తెలుసు, అందుకే ఉత్తరం చిన్నదైంది. అక్కా, ఆ రోజు నువ్వు రాకపోయి ఉంటే నాకు జబ్బు ఉండేది కాదేమో, నిజమే. దురద పెట్టడానికి నేనే ఉండేవాణ్ణి కాదు. నాకు పెళ్లి లేదు, పాఠాలు లేవు, పోస్టుమాస్టరుగారి కీచు స్వరాలు లేవు. ఏది కావాలో నన్ను కోరుకోమంటే, మణికట్టు గోక్కుంటూ బతకడమే కోరుకుంటాను.

వెళ్లి చూపించుకో. నీ మరదలు కూడా ఒక మాట రాస్తానంటోంది. "వదినా, మీరు వెళ్లకపోతే నేనే బస్సెక్కి వచ్చి తీసుకెళ్తాను, పనిలో పనిగా మీ దుప్పట్లన్నీ ఒక్క నీటిలోనే జాడిస్తాను."

తమ్ముడు

జూన్ 8

చంటోడా,

మరదలి బెదిరింపు పనిచేసింది. ఒక్క నీటిలోనా! తలుచుకుంటేనే ఒళ్లు జలదరించింది.

ఉంది. నాకూ ఉంది. కాగితం చేతికిచ్చినప్పుడు మీ బావ నా భుజం పట్టుకున్నాడు. నేను పడిపోతానేమోనని కాబోలు. పడిపోలేదు. కాలేయం చూశారు. గట్టిపడడం మొదలైంది కానీ ముదరలేదట. "మరో కొన్నేళ్లు ఇలాగే వదిలేసి ఉంటే నా దగ్గరికి స్ట్రెచర్ మీద వచ్చేవారు. ఇంత మంచి సమయంలో ఎలా వచ్చారు? ఏం తోచి వచ్చారు?" అని అడిగింది ఇక్కడి డాక్టరు.

"మా తమ్ముడికి దురద పుట్టిందండీ" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, మళ్లీ చెప్పమంది. మొత్తం చెప్పాను, సబ్బుతో సహా. నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకుంది. మీ బావకీ పాపకీ కూడా చూశారు. ఇద్దరికీ లేదు. అది విన్నాక మాత్రం వరండా మెట్ల దగ్గరికి వచ్చేశాను. అక్కడ కూర్చుని ఏడ్చాను. నువ్వు రాసింది నిజమే. నెల రోజులు నన్ను ఆ ఆలోచనే తిన్నది. నీ ఉత్తరం నాలుగోసారి చదివాకే అన్నం సహించింది.

వచ్చే వారం నాకూ మాత్రలు మొదలుపెడతారు.

అక్క

జూలై 3

అక్కా,

నువ్వు మొదలుపెట్టావని తెలిసి మా ఇంట్లో పండగ చేసుకున్నాం. నువ్వు నాకంటే వెనకబడి ఉన్నావు, నా మాత్రలు అప్పుడే సగం దాటాయి. జీవితంలో మొట్టమొదటిసారి నేను నీకంటే పెద్దవాణ్ణి. కాబట్టి సలహాలిస్తాను. రోజూ ఒకే వేళకి వేసుకో. వేరే మందులేమైనా వాడుతుంటే డాక్టరుకి చెప్పు. తలనొప్పొస్తే మంచినీళ్లు బాగా తాగు.

నోటి మంట జెల్‌తో కాస్త తగ్గింది. మెత్తటి రీడు, అదే మౌత్‌పీస్‌కి బిగించే రెల్లు బద్ద, వేసుకుని, తక్కువ గాలితో వాయిస్తున్నాను. బ్యాండువాళ్లకి అంతా చెప్పేశాను. డప్పు కొట్టేవాడు "అంటుతుందా?" అన్నాడు. "నీకు నా రక్తం కావాలా?" అన్నాను. "వద్దు" అన్నాడు. "అయితే అంటదు" అన్నాను. సీటు పదిలం.

తమ్ముడు

నవంబరు 20

అక్కా,

మాత్రలు అయిపోయి మూడు నెలలయ్యాక చూసే పరీక్ష ఒకటుందిగా, అది వచ్చింది. వైరస్ లేదు! డాక్టరు లేచి చెయ్యి కలిపాడు.

నేను వెంటనే చొక్కా చేతులు పైకి మడిచి, "మరి ఇవో?" అన్నాను. మచ్చలు కొంత మాసిపోయాయి, ఎడమ చేతివి మాత్రం తిష్ఠవేసుకుని కూర్చున్నాయి. వైరస్ పోయినంత మాత్రాన చర్మం బాగుపడాలని లేదట. కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు, దాని దారి దానిది. నోరు అప్పుడప్పుడు డాక్టరుకి చూపించుకుంటూ ఉండాలి. మొదట కొంచెం నిరాశపడ్డాను. తర్వాత బయటికొచ్చి, బస్సు స్టాపులో నిలబడి, ఎడమ మణికట్టుని తీరిగ్గా గోక్కున్నాను. ఇన్నాళ్లలో మొదటిసారి దాని మీద కోపం రాలేదు.

నీ పరీక్ష ఎప్పుడో రాయి. దేవుడికి దండం పెట్టుకుని కూర్చున్నాం.

తమ్ముడు

జనవరి 28

ఒరేయ్ చంటోడా!

పోయింది! నాది కూడా పోయింది! కాగితం చదవడం రాక కాదు, మీ బావ చేత కూడా చదివించాను, దారిలో పళ్లమ్మేవాడి చేత కూడా చదివించాను. కాలేయం పూర్తిగా కోలుకునేదాకా ఏటా ఒకసారి చూపించుకోవాలట. చూపించుకుంటాను, నాకేం పని.

ఒక సంగతి చెప్పనా? ఆ మందులు అయిపోయాక ఒకరోజు దుప్పట్ల మూటతో మేడెక్కాను. పైకి వెళ్లాక ఏదో మర్చిపోయాననిపించింది. గలేబులు తెచ్చాను, తువ్వాళ్లు తెచ్చాను. ఏం మర్చిపోయానా అని అక్కడే నిలబడి ఆలోచిస్తే తట్టింది. ఆయాసపడడం మర్చిపోయాను. ఇన్నాళ్లూ నేను వయసనుకున్నది వయసు కాదురా! అది నాది కూడా కాదు, ఎవరిదో పరాయిది, నా ఒంట్లో కూర్చుని నా ఓపిక తింటోంది.

అందుకని సైకిలు నేర్చుకుంటున్నాను. నవ్వకు. హోటల్ వెనక సామాను దింపే ఖాళీ స్థలముంది. ఆదివారాలు అక్కడికి వెళ్తాం. మీ బావ వెనక సీటు పట్టుకుని పరుగెడతాడు. మొన్న నాకు పట్టు దొరికింది, తొక్కడం మొదలుపెట్టాను. గాలి చెవుల్లో హోరుమంటోంది. ఆయన వదిలేశాడో లేదో కూడా చూసుకోలేదు. గోడ దాకా వెళ్లి, తిప్పి, మళ్లీ వస్తుంటే ఆయన నేల మీద కూలబడి రొప్పుతూ, "ఆగవే బాబూ, ఆగు! నాకు వయసైపోయింది!" అని అరుస్తున్నాడు.

ఆయన రక్తం ఎప్పుడో చూశారుగా, ఏమీ లేదు. కాబట్టి ఆయనది నిజంగా వయసే.

మరో చుట్టు తిరిగి వస్తానని చెప్పి వెళ్లిపోయాను.

అక్క